నాలుగో చీర మీద రాసిన జాబు

దిల్‌సుఖ్‌నగర్,
29 ఆగస్టు 2011

పెద్దనాయనకు, పెద్దమ్మకు,

ఫోన్ చేస్తే పెద్దమ్మ ఎత్తింది. "మీ పెద్దనాయినకు ఇనబడదు, నాకు సమజ్ గాదు, ఉత్తరమే రాయి బిడ్డా" అని టక్కున పెట్టేసింది. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ మేం బాగానే ఉన్నాం, అంటే ఉన్నామనే అనుకుంటున్నాం. మీ అల్లుడు చీరల షాపుకి పొద్దున పోతే రాత్రికి వస్తున్నాడు. మా రోడ్డు మీద వినాయకుడి పందిరి ఒకటి, ధర్నా టెంటు ఒకటి. రెండు మైకులూ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. నా మనసు ఎక్కడా నిలవడం లేదు.

అసలు సంగతికొస్తాను. మా బడి సరూర్‌నగర్ దాటాక అల్మాస్‌గూడ పోయే దారిలో ఉంది కదా. అక్కడ తొమ్మిదో తరగతికి యుద్ధాల పాఠం చెబుతున్నాను. ఏ ఏడు జరిగింది, ఎవరు గెలిచారు, ఎవరు సంతకం పెట్టారు. పిల్లలు ఆవలిస్తున్నారు. సింధూర అని ఒక పిల్ల ఉంది. గోదావరి జిల్లా వాళ్లు. తండ్రి బాపిరాజు గారు ఇక్కడే కోచింగ్ సెంటర్ నడుపుతారు. ఆ పిల్ల లేచి, "మోర్చా అంటే గొయ్యే కదండీ టీచర్, గోతిలో కూర్చుంటే యుద్ధం చేసినట్టెలా అవుద్దండీ?" అంది. క్లాసంతా నవ్వింది. డెబ్బై ఒకటి యుద్ధంలో ఫిరంగి పక్కన గోతిలో కూర్చున్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, నాకేమో జవాబు రాలేదు పెద్దనాయనా!

అందుకని బడి వెనక ఖాళీ జాగాలో పిల్లల చేతే ఒక మోర్చా తవ్విద్దామనుకుంటున్నాను. మా హెడ్మాస్టర్ రామారావు గారు "కానివ్వమ్మా, గోడ మాత్రం కూల్చకండి" అన్నారు. ఎంత లోతు, ఎట్లా తవ్వాలి, అన్నీ రాయి. ఇంకో మాట. డిసెంబరులో నువ్వొచ్చి పిల్లల ముందు నిలబడాలి. ఏమీ మాట్లాడకపోయినా సరే.

నీ జవాబు కోసం గేటు దగ్గరే ఉండే
విజయశ్రీ

*

మూడో చీర మీద

బిడ్డా విజయా,

నీ జాబును పోస్టుమాన్ లచ్చయ్య మగ్గం కాడికే తెచ్చిచ్చిండు. పైన తేది లేదని లొల్లి వెట్టకు. మిల్ట్రీల ఉన్నప్పుడు జాబు మీద జాగ పేరు, తేది ఎయ్యనిచ్చేటోల్లు కాదు. గా అలవాటు ఇంక పోలే. మగ్గం మీద ఎన్నో చీర నడుస్తున్నదో గదే నా తేది. మగ్గానికెక్కిచ్చిన ఒక్క పడుగు నూలుకు ఏడు చీరలు, లెక్క సూస్కో.

గా పిల్ల మంచిగనే అడిగింది. మోర్చా అంటె గుంతనే అని చెప్పు. అండ్లనే కూసోని బతికిన. మల్ల ఇంటికొచ్చి గుంట మగ్గంల కూసున్న. నా బతుకంత గుంతలనే పాయె, మీకేమో నవ్వులాట!

ఇగ ఇను. నిలవడితె ఛాతీ దాంక రావాలె లోతు. వెడల్పు ఎక్కువ పెట్టకున్రి, ఇద్దరు ఇరుకిరుకుగ నిలవడాలె. నేరుగ తవ్వకున్రి, నడుమ ఒక మలుపు తిప్పున్రి. తవ్విన మట్టి పారెయ్యొద్దు, బస్తాలల్ల నింపి ముందట పేర్చాలె. పలుగు పట్టినంక చేతులకు పొక్కులొస్తయి. రానియ్యి, ఇంట్ల చెప్పొద్దను.

డిసెంబర్ సంగతి చెప్త. మా ఫిరంగి మీద ఆరుగురం. తెలుగోల్లం ఇద్దరమే, నేను, చక్రపాణి. గాయనది గోదారి తట్టు. డిసెంబర్ ఎనిమిది పొద్దుగాల చాయ్ కేతిల తెస్తనని మోర్చాల కెల్లి లేచిండు. పోయి తెచ్చిండు గూడ. "చల్లారిపోద్దిరా రాజయ్యా, గ్లాసు తియ్యి" అన్నడు. గంతే, గుండు పడ్డది. గాయన పోయిండు, నా చెవులు పోయినయి. నా చెవులు మంచిగ ఇన్న ఆఖరి మాట గదే బిడ్డా. నలభై ఏండ్లాయె, ఇంక గట్లనే ఉన్నది.

మిగిలిన ఐదుగురం ఒక రివాజు పెట్టుకున్నం. మిల్ట్రీల పొద్దుగాల పేర్లు పిలుస్తరు, హాజర్ అనాలె. మేం ఏటా డిసెంబర్ ఎనిమిదికి అందేటట్టు ఒకలికొకలం కార్డు రాసుకునేది. కార్డు మీద ఒక్కటే మాట, హాజర్. ఎవని లిపిల వాడు రాసేటోడు. నాకు తమిళం రాదు, మరాఠీ రాదు, అయినా సదువుకునేటోన్ని, ఉన్నది ఒక్క మాటనాయె. నాలుగు కార్డులొచ్చేటియి మూడైనయి, రెండైనయి. పోయినేడు లచ్చయ్య ఒట్టి చేతులతోని పోయిండు. పొద్దుమూకే దాంక గడప మీద కూసున్న. ఇగ నేనొక్కన్నే మిగిలిన. కార్డు ఎవలికి రాయాలె? చక్రపాణి పేరు పిలిస్తె హాజర్ అనెటోడు ఎవడున్నడు?

గందుకే ఒస్తా. ముచ్చట్లు చెప్పుడు నాతోని కాదు. ఆరుగురి పేర్లు పిలుస్తా, పిల్లలు హాజర్ అనాలె. నాకు ఇనబడకున్నా సరే. గదొక్కటే నా షరతు.

మీ పెద్దమ్మకు మోకాళ్లు నొస్తున్నయి, దవాఖానకు పోదామంటె నా మీద ఒర్లుతది. ఒర్లితె నాకేంది, ఇనబడదాయె.

మీ పెద్దనాయిన
రాజయ్య

*

దిల్‌సుఖ్‌నగర్,
11 సెప్టెంబర్ 2011

పెద్దనాయనా,

నీ "మూడో చీర" చూసి మీ అల్లుడు పడీ పడీ నవ్వాడు. ఈ ఇంట్లో ఇంక క్యాలెండర్ ఎందుకు, పడుగు తెచ్చి గోడకు వేలాడదీద్దాం అన్నాడు. నేను మాత్రం ఉత్తరం మూడుసార్లు చదివాను. చక్రపాణి గారి మాట చదివినప్పుడల్లా చేతిలో టీ గ్లాసు కింద పెట్టేస్తున్నాను.

మోర్చా అయింది! గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి పిల్లలు బత్తాయి గోనెలు మోసుకొచ్చారు. మట్టి నింపినా బత్తాయి వాసన పోలేదు. మలుపు తిప్పాం. అందరి చేతులకీ పొక్కులు వచ్చాయి. సింధూర తన పొక్కు పగలకుండా రుమాలు చుట్టుకుని పదో తరగతి వాళ్లందరికీ చూపించుకుంటోంది. నీ ఉత్తరం, హాజర్ కార్డుల సంగతీ చదివి వినిపించాక, ఇప్పుడు గోతిలో కూర్చుంటే ఎవరూ నవ్వడం లేదు. పైన ఎవరైనా నడిస్తే లోపల ఉన్నవాళ్లు తలలు వంచేసుకుంటున్నారు.

అయితే తలనొప్పులు మొదలయ్యాయి. బాపిరాజు గారు స్టాఫ్ రూమ్‌కే వచ్చేశారు. "ఈ గొడవల్లో పిల్లల చేత గోతులు తవ్వించడమేంటండీ? రేపు ఎవడైనా ఫొటో తీసి పేపర్లో వేస్తే మా పరిస్థితేంటండీ?" అని అరిచారు. ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. మా తోటి మాస్టరు ఒకాయనకి ఇంకో బాధ. "ఆరు పేర్లల్ల ఆంధ్రాయన పేరెందుకు మేడం? గీ టైంల మనోల్ల పేర్లు పిలువున్రి" అంటాడు. నేను ధర్నా టెంటులో కూర్చునేదాన్నే కదా, ఆయన మాట ఊరికే కొట్టిపారెయ్యలేను. రామారావు గారేమో "గొయ్యి చూపించండి చాలు, పేర్లు ఎందుకమ్మా ఈ ఏడు" అంటున్నారు.

నాకేం తోచడం లేదు. పేర్లు పిలవడం ఈ ఏటికి వదిలేద్దామా అనిపిస్తోంది. ఏమంటావు? ఎల్లుండి నుంచి సకల జనుల సమ్మె అంటున్నారు. వెంటనే జవాబు రాయి.

ఎటూ తేల్చుకోలేని
విజయశ్రీ

*

దిల్‌సుఖ్‌నగర్,
2 అక్టోబర్ 2011

పెద్దనాయనా,

మూడు వారాలైంది, నీ దగ్గర నుంచి కార్డు ముక్క లేదు. బస్సులు లేవు, బడి లేదు. ఆటోవాడు సరూర్‌నగర్‌కే చుక్కలు చూపిస్తున్నాడు. మీ ఊరికి పోస్టు సంచి వచ్చేది బస్సులోనే కదా, అందుకేనా? పెద్దమ్మకు ఫోన్ చేస్తే "రాసిండు బిడ్డా, పోస్టు డబ్బల పడ్డది" అంది. ఏం రాశాడంటే "నాకేమెరుక, మూతి ముడుసుకోని రాసిండు" అంది.

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు. హైవే మీదే పొయ్యిలు పెట్టి వండాం. నేను ఉల్లిగడ్డలు తరిగాను. తరుగుతున్నంతసేపూ నా ధ్యాస మోర్చా మీదే ఉంది. వాన నీళ్లు నిండి ఉంటాయేమో, గట్టు జారిందేమోనని. అక్కడి నుంచి నేరుగా బడికి నడిచాను. గేటు ముందు పోలీసు జీపు! ఇసుక బస్తాలు ఎందుకు పేర్చారు, ఎవరి మీద యుద్ధమని అడుగుతున్నారు. రామారావు గారి చొక్కా చెమటకి తడిసిపోయింది. సోషల్ పుస్తకం తెచ్చి పాఠం చూపించాను. ఎస్ఐ బస్తా వాసన చూసి, "బత్తాయిలా?" అన్నాడు. నవ్వి వెళ్లిపోయాడు కానీ, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో మూడు లైన్లు పడనే పడ్డాయి.

నువ్వు చదివావో ఏమో. నాకు నిద్ర పట్టడం లేదు. వస్తావా రావా, అదొక్కటి చెప్పు.

విజయశ్రీ

*

నాలుగో చీర మీద

బిడ్డా విజయా,

నీ జాబు మీ పెద్దమ్మ నాతోని సదివిపిచ్చుకున్నది. నాకు ఇనరాదు గదా, ఎంత గట్టిగ సదివిన్నో, గల్లీ మొత్తం ఇన్నదట. ఎదురింటి సైదమ్మ గూడ ఒచ్చి నిలవడ్డది. మీ పెద్దమ్మ చెయ్యి తిప్పుకుంట ఏమన్నదంటె, "బిడ్డ ఇడిసిపెడుదామా అని అడిగింది. ఇడిసిపెట్టిన అన్నదా? అడిగినదానికి జవాబియ్యి." గామె కండ్లు సూస్తె ఇనబడకున్నా సమజైంది.

జవాబు గిది. పేర్లు ఇడిసిపెట్టకు. ఆరు పేర్లు ఆరు పిలవాలె. ఎవలకన్న చక్రపాణి పేరుకు హాజర్ అనుడు కష్టమైతె గా హాజర్ నేనే అంటా, నువ్వు పరేషాన్ గాకు. తెలంగాణ రావాలె, నాకు గూడ రావాలె. గని చక్రపాణి నా మోర్చాలోడు.

డిసెంబర్ ఏడుకే ఒస్తా. మోర్చా గట్లనే ఉంచు. నీళ్లు నిలిస్తె తోడిపియ్యి.

మీ పెద్దనాయిన

*

ఆరో చీర మీద

విజయశ్రీకి,

నీ జాబు సదివిన. పేర్లు ఇడిసిపెడ్తవా? గాయన పేరు పలుకుడు మీ బడికి శరమైతున్నదా? చచ్చినోడు ఏ జిల్లానో సూసి యాది చేస్కుంటరా మీరు? గా గుండు జిల్లా అడిగి పడలే.

నేను రాను. మోర్చా పూడ్చిపియ్యి. పేరు పిలువనియ్యని కాడ గా గుంత ఎందుకు, కుక్కలు పండనీకా? ఇగ నాకు జాబు రాయకు.

రాజయ్య

*

దిల్‌సుఖ్‌నగర్,
24 అక్టోబర్ 2011

పెద్దనాయనా,

రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఇదే ఆఖరు.

బస్సులు తిరిగాక నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి వచ్చాయి. రెండింటి మీదా ఒకే ముద్ర, అదీ అలుక్కుపోయింది. నాలుగో చీరది ముందు చదివి, గేటు దగ్గరే ఎగిరి గంతేశాను. తర్వాత ఆరో చీరది చదివాను. నాలుగో చీర నాడు వస్తానన్న మనిషివి ఆరో చీర నాటికి ఎందుకు మారిపోయావు? పేపర్లో పోలీసుల సంగతి చదివి, ఉద్యమం కోసం నీ మోర్చాని వాడుకున్నాననుకున్నావా? లేక నేను భయపడి పేర్లు తీసేశానని ఎవరైనా చెప్పారా?

తీసెయ్యలేదు పెద్దనాయనా. బడి తెరవగానే స్టాఫ్ అందరి ముందూ చెప్పాను, ఆరు పేర్లూ పిలుస్తాం, ఇష్టం లేనివాళ్లు ఆ గంట సేపు టీ తాగి రండని. ఆ మాస్టరు నాతో మాట్లాడటం మానేశాడు. పోనీ అనుకున్నాను. అది చెప్పి ఇంటికొచ్చేసరికే నీ ఉత్తరాలు.

నువ్వు పూడ్చమన్నావు. అది నీ మోర్చా. శనివారం పూడ్చేశాం. సింధూర పార ముట్టుకోలేదు, గోడవైపు తిరిగి నిలబడింది. "తవ్వేటప్పుడు ఎందుకో చెప్పారు, పూడ్చేటప్పుడు ఎందుకో చెప్పరేంటండీ?" అంది. నాకు ఏడుపు వచ్చింది.

పెద్దమ్మ మోకాళ్లకు మందు పంపుతున్నాను.

విజయశ్రీ

*

కొత్త పడుగు, ఆరో చీర మీద. తేది గూడ ఏస్తున్న: 28 అక్టోబర్ 2011

ఓ నా పిచ్చి బిడ్డా!

ఎంత పని జేసినవ్! మగ్గాల ఇంట్ల పుట్టిన దానివి, ఏడు చీరలైతె పడుగు మారుతదని, లెక్క మల్ల ఒకటి కాడ మొదలైతదని ఎరుకలేదా? గా ఆరో చీర పాత పడుగుది! నీ జాబు అందిన నాడే మండిపోయి రాసి డబ్బల ఏసిన. గప్పుడే బస్సులు బందైనయి. ఏడో చీర దిగినంక కొత్త పడుగు అతికిన. దాని మీద నాలుగో చీర నడుస్తుండంగ మీ పెద్దమ్మ నాతోని నీ జాబు సదివిపిచ్చింది, కోపమంత దిగిపాయె. మాఫీ అడుగుడు మిల్ట్రీల నేర్పియ్యలే, గందుకే ముందటి జాబు సంగతే ఎత్తలే. ఒస్తా అని రాస్తె సమజైతదనుకున్న. నెల రోజులు తేడాగ డబ్బల పడ్డయి రెండు ఒక్క సంచిల ఒస్తయని నాకేం తెల్సు?

నువ్వు ఆరు పేర్లు పిలుస్తనని బడి మొత్తం ముందట చెప్పినవ్. నేనేమో గుంత పూడ్చిపిచ్చిన. నీ జాబు ఇని మీ పెద్దమ్మ రెండు దినాలు నాతోని సైగ గూడ చెయ్యలే.

ఏం కాలే. పూడ్చిన మన్ను మెత్తగనే ఉంటది. ఏడు నాడు ఒస్తా, నా పలుగు నేనే తెస్తా. ఎనిమిది పొద్దుగాల పిల్లల్ని దింపు. ఎందుకు పూడ్చినమని గా పిల్ల అడిగింది గదా, ముసలోడు పడుగు మార్చిండని చెప్పు.

నీ పెద్దనాయిన
రాజయ్య

*

దిల్‌సుఖ్‌నగర్,
10 డిసెంబర్ 2011

పెద్దనాయనా,

క్షేమంగా చేరావని పెద్దమ్మ ఫోన్‌లో చెప్పింది. మొన్న నువ్వు ఇక్కడే ఉన్నావు కానీ సగమే ఉన్నట్టు. మిగతా సగం రాస్తున్నాను, చదువుకో.

ముందు నవ్వొచ్చేది. పిల్లలు మొదటిసారి ఛాతీ దాకా తవ్వామన్నారు కదా, అది సింధూర ఛాతీ. తరగతిలో అందరికన్నా పొట్టిది, కొలతకి దాన్నే నిలబెట్టారట! నువ్వు మెత్తమట్టి తీయించి దిగగానే నీ నడుం దగ్గరే ఆగింది. నువ్వు పలుగు పట్టి "ఇంక, ఇంక" అంటుంటే, వెనక ఒకడు "పడుగు మారింది కాబట్టి లోతు కూడా మారిందిరా" అన్నాడు. అందుకే అందరూ నవ్వారు. నువ్వు నన్ను చూశావు, నేను చెప్పలేకపోయాను.

పేరుకొకరు ముందుగా హాజర్ అనాలని పిల్లలు పేర్లు పంచుకున్నారు. నువ్వు మోర్చాలో నిలబడి మొదటి పేరు పిలిచావు. ఎంత గట్టిగా పిలిచావో తెలుసా? అల్మాస్‌గూడ రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపారు. ఇద్దరు కుర్రాళ్లు మీటింగ్ అనుకుని గోడ అవతల నుంచి "జై తెలంగాణ" అన్నారు. నువ్వు వినలేదు, రెండో పేరు పిలిచావు. వాళ్లు గోడ మీంచి తొంగి చూసి, చెప్పులు విప్పి ఆ గోడ పక్కనే నిలబడిపోయారు. మాట్లాడటం మానేసిన మాస్టరు కూడా వరండాలోకి వచ్చాడు.

అప్పుడే బాపిరాజు గారు వచ్చారు, కూతుర్ని తీసుకుపోవడానికి. "సింధూరా, రా బయటికి" అన్నారు. అది మోర్చాలో నీ పక్కనే ఉంది. "నా పేరు ఇంకా రాలేదు నాన్నా" అంది. నువ్వు "చక్రపాణి" అన్నావు. నీ గొంతు అక్కడ విరిగింది. అది నీకు తెలియదని రాస్తున్నాను. సింధూర మునివేళ్ల మీద లేచి హాజర్ అంది. నీకు వినపడలేదనుకుని రెండోసారి ఇంకా గట్టిగా అంది. దాంతో పాటు క్లాసంతా అంది. పిచ్చుకలన్నీ లేచిపోయాయి.

ఆఖరున నీ పేరు నువ్వే పిలుచుకుని, నువ్వే హాజర్ అన్నావు. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

బాపిరాజు గారు నా దగ్గరకొచ్చి "ఎవరండీ ఆ చక్రపాణి?" అన్నారు. చెప్పాను. గోదావరి వైపు మనిషని, నీ చెవులు విన్న ఆఖరి మాట ఆయనదేనని. "ఏ మాటండీ?" అన్నారు. అదీ చెప్పాను. మట్టి కొట్టుకుపోయిన కూతురి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయారు. మళ్లీ వచ్చి గొడవ పెడతారేమోనని నాకింకా భయంగానే ఉంది. నిన్న సింధూర వచ్చి నీ అడ్రసు రాసుకుపోయింది. ఎందుకే అంటే చెప్పలేదు.

మోర్చా పూడ్చలేదు. ఈసారి నువ్వు రాసినా పూడ్చను.

నీ బిడ్డ
విజయశ్రీ

*

కొత్త పడుగు, ఒకటో చీర మీద. నీ పోరు పడలేక తేది గూడ: 17 డిసెంబర్ 2011

బిడ్డా విజయా,

నా గొంతు విరిగిందని రాసినవ్. మంచిగ చేసినవ్, గది నాకు చెప్పెటోల్లు ఎవ్వరు లేరు.

మొన్న లచ్చయ్య సైకిల్ దిగి, "రాజన్నా, గిదేంది, నీకు గిన్ని రాసెటోల్లెవరే" అన్నట్టు చేతులు తిప్పి ఒక కట్ట ఒడిల ఏసిండు. అన్ని కార్డులే. అన్నిట్ల ఒక్కటే మాట. పొడుగు రాత, గుండ్రం రాత, ఒకడైతె ఎర్ర పెన్నుతోని రాసిండు. గా సింధూర పైన తేది ఏసే కాడ "తొమ్మిదో తరగతి, మూడో యూనిట్ టెస్ట్ మీద" అని రాసింది. నన్నే యెక్కిరిస్తది, దొంగముండ! మీ పెద్దమ్మ కార్డులన్ని మగ్గం పక్కపొంటి పేర్చింది. నేను నేసుడు ఇడిసిపెట్టి గవే సూసుకుంట కూసున్న.

అన్నిట్ల అడుగున ఒక కార్డు ఉన్నది. పేరు లేదు. పిల్లల రాత కాదు, పెద్ద మనిషి రాత, ఒత్తి ఒత్తి రాసిండు. చక్రపాణి తరపున అని పైన ఉన్నది. కింద ఒక్కటే మాట, "హాజరండీ."

మిల్ట్రీల ఎవ్వడు గట్ల అనడు బిడ్డా. అంటె హవల్దార్ చెంప పగులగొడ్తడు. నేను నవ్విన, మల్ల ఏడ్చిన. మీ పెద్దమ్మ పరేషానై నీళ్లు తెచ్చింది. నలభై ఏండ్ల సంది నా చెవులల్ల ఒక్కటే గోదారి మాట తిరిగింది. గిప్పుడు రెండోది ఒచ్చి పడ్డది.

ఈ జాబుల ఒక కార్డు పెడుతున్న. బాపిరాజు గారి చేతికియ్యి. ఒచ్చే డిసెంబరుకు గాయన మల్ల రాస్తె నేను మల్ల రాస్తా.

మీ పెద్దనాయిన
రాజయ్య, హాజర్